ఇంగ్లిష్ ఇంటిపేర్లను హీబ్రూలో రాయడం ఎలా: వాక్యంలో పెట్టి సరిచూసుకునే పద్ధతి

ఇంగ్లిష్ ఇంటిపేరును హీబ్రూలో ఒంటరిగా రాసి చూసుకుంటే తప్పు కనపడదు. అదే పేరును "ఆయనకు ఫోన్ చేశాను", "వాళ్ల కారు", "ఆయనా ఈయనా వచ్చారు" వంటి మామూలు వాక్యాల్లో పెట్టగానే లోపాలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. హీబ్రూలో క్యాపిటల్ అక్షరాలు లేవు, అందుకే ఇది పేరని చెప్పే గుర్తేదీ ఉండదు. అచ్చులు చాలావరకు రాయరు. పైగా తెలుగులో కు, లో, నుంచి లాంటివి పేరు వెనక చేరితే, హీబ్రూలో అవి ఒక్కో అక్షరంగా పేరు ముందు అతుక్కుంటాయి. కాబట్టి పని రెండు భాగాలు: పేరును అక్షరాల్లో పెట్టడం, ఆ పేరును వాక్యాల్లో పరీక్షించడం. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు.

అనువాదకులు, సబ్‌టైటిళ్లు రాసేవాళ్లు, వంశవృక్షాలు తయారుచేసేవాళ్లు, ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనుల్లో ఉండి దరఖాస్తుల్లో డాక్టర్ల పేర్లు, యజమానుల పేర్లు నింపాల్సివచ్చే తెలుగువాళ్లు, అందరికీ ఈ పద్ధతి పనికొస్తుంది. హీబ్రూ అక్షరాలు గుర్తుపట్టగలిగితే చాలు, వ్యాకరణం పెద్దగా అక్కర్లేదు.

ఇక్కడ హీబ్రూ స్పెల్లింగులన్నీ అక్షరాల పేర్లతో ఇస్తున్నాం. తెలుగు బైబిల్లో 119వ కీర్తన చదివినవాళ్లకు ఆ 22 పేర్లు పరిచయమే: ఆలెఫ్, బేత్, గీమెల్ అంటూ ఎనిమిదేసి వచనాలకు ఒక్కో శీర్షిక ఉంటుంది. తేడా తెలియడానికి తొమ్మిదో అక్షరాన్ని "టేత్" అనీ, చివరిదాన్ని "తావ్" అనీ రాస్తున్నాం. మొదట చెప్పిన అక్షరం కుడి చివర ఉంటుంది, మిగతావి ఎడమవైపుకు సాగుతాయి.

ముందుగా: అర్థాన్ని అనువదించవద్దు

స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ. అయినా హీబ్రూలో కమ్మరికి, దర్జీకి ఉన్న మాటలు ఇక్కడ వాడరు. పేరు శబ్దంగానే వెళ్తుంది. ఇజ్రాయెల్‌లో చాలామంది తమ ఇంటిపేర్లను హీబ్రూలోకి మార్చుకున్న మాట నిజమే. డేవిడ్ గ్రూన్ బెన్-గురియోన్ అయ్యాడు, లెవీ ష్కోల్నిక్ ఎష్కోల్ అయ్యాడు, షిమోన్ పెర్స్కీ పెరెస్ అయ్యాడు. అది ఆ మనుషుల సొంత నిర్ణయం. రాసేవాడు వేరొకరి పేరును ఆ దారిన మార్చకూడదు.

రెండో పని: ఇప్పటికే స్థిరపడిన రూపం ఉందేమో చూడడం

ప్రాధాన్యం ఈ వరుసలో ఉండాలి. మొదట ఆ మనిషి స్వయంగా రాసుకునే రూపం. ఇజ్రాయెల్‌లో ఉంటున్న వ్యక్తి అయితే గుర్తింపు కార్డు, క్లినిక్ బోర్డు, ఉత్తరం కింద సంతకం, ఎక్కడ కనిపిస్తే అక్కడినుంచి అక్షరం పొల్లుపోకుండా దించాలి. మీకు అది నియమవిరుద్ధంగా తోచినా సరే. ఒక కాగితంలో టేత్, మరో కాగితంలో తావ్ ఉంటే కంప్యూటర్ దృష్టిలో వాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు. తర్వాతిది పత్రికల్లో, వీధి బోర్డుల మీద స్థిరపడిన రూపం. ఈ రెండూ దొరకనప్పుడే కింద చెప్పే నియమాలు.

స్థిరపడిన రూపాలు నియమాలను పట్టించుకోవు. బెకమ్ అని ఇంగ్లిష్‌లో "హ" పలక్కుండా అంటారు. హీబ్రూలో బేత్-కోఫ్-హే-ఆలెఫ్-మేమ్, అంటే హే రాస్తారు, పలుకుతారు కూడా. లింకన్‌లో రెండో "ల" ఇంగ్లిష్‌లో మూగది. హీబ్రూలో లామెద్-యోద్-నూన్-కోఫ్-వావ్-లామెద్-నూన్, రెండు లామెద్‌లూ వినిపిస్తాయి. హోమ్స్ కూడా అంతే: హే-వావ్-లామెద్-మేమ్-సామెఖ్. బాల్ఫోర్‌ది ఇంకాస్త దూరం వెళ్లిన కథ. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడటానికి బ్రిటన్ మద్దతు తెలిపిన 1917 నాటి బాల్ఫోర్ ప్రకటన వల్ల ఆ పేరు ఇంటింటి మాట అయిపోయింది. బేత్-లామెద్-పే-వావ్-రేష్ అని రాసి, ఇజ్రాయెలీలు "బల్ఫూర్" అంటారు. దాన్ని ఇంగ్లిష్ ఉచ్చారణకు దగ్గరగా దిద్దబోతే మీరు రాసిందే తప్పుగా కనిపిస్తుంది.

మూడో పని: హల్లులు, తెలుగు చెవితో

ఇజ్రాయెల్‌లో నేటి మాటల్లో టేత్‌కూ తావ్‌కూ తేడా వినపడదు, రెండూ ఒకే "త". కోఫ్, కాఫ్ రెండూ "క"గా వినిపిస్తాయి. చెవితో విని రాసే కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. తెలుగువాళ్లకు మాత్రం ఒక సులువుంది. మనం ఇంగ్లిష్ పేర్లను తెలుగులో రాసేటప్పుడు పాటించే తేడానే హీబ్రూ కూడా పాటిస్తుంది.

తెలుగులో "ట" రాసేచోట హీబ్రూలో టేత్. తెలుగులో "థ" లేదా "త" రాసేచోట తావ్. టేలర్‌కు మొదట టేత్: టేత్-యోద్-యోద్-లామెద్-వావ్-రేష్. థాచర్‌కు తావ్: తావ్-ఆలెఫ్-త్సాదీ-గెరెష్-రేష్ (గెరెష్ అక్షరం కాదు, అక్షరం పక్కన పెట్టే చిన్న గీత; దాని సంగతి కింద వస్తుంది). థాంప్సన్ ఇంకా ఆసక్తికరం. ఇంగ్లిష్‌వాళ్లు ఆ పేరును "టామ్సన్" అనే పలుకుతారు. కానీ స్పెల్లింగు చూసి మనం "థ" రాస్తాం, హీబ్రూవాళ్లూ తావ్ రాస్తారు: తావ్-వావ్-మేమ్-పే-సామెఖ్-వావ్-నూన్. థామస్‌కూ అదే న్యాయం.

"క" శబ్దానికి ఎప్పుడూ కోఫ్. క్లింటన్, కుక్, బ్లేక్, క్లార్క్, కెనెడీ, అన్నీ కోఫ్‌తోనే. కాఫ్ రాస్తే చదివేవాడు దాన్ని గొంతులోంచి వచ్చే "ఖ"గా చదివే ప్రమాదం ఉంది. పేరు మూలం హీబ్రూ అయితే సంగతి వేరు. కోహెన్‌ను కాఫ్-హే-నూన్ అనే రాస్తారు, గాయకుడు లెనర్డ్ కోహెన్ విషయంలోనూ. కానీ ఇదీ గుడ్డిగా వర్తించదు. బ్రిటిష్ పాలనలో పాలస్తీనాకు మొదటి హైకమిషనర్‌గా వచ్చిన హెర్బర్ట్ సామ్యూల్ ఇంటిపేరు బైబిలు ప్రవక్త పేరే అయినా, టెల్ అవీవ్ సముద్రతీరపు వీధి బోర్డు మీద షిన్‌తో కాకుండా సామెఖ్‌తోనే ఉంటుంది.

"స"కు సామెఖ్. "ష"కు షిన్: బెర్నార్డ్ షా కేవలం షిన్-వావ్, రెండే అక్షరాలు. పేరు చివర ఇంగ్లిష్‌లో "జ్" వినిపించినా, మనం జోన్స్, విలియమ్స్, ఆడమ్స్ అని "స్" రాసినట్టే హీబ్రూవాళ్లూ సామెఖ్ రాస్తారు. హ్యూస్ మాత్రం మొండికేస్తుంది: యోద్-వావ్-జాయిన్. హేస్ కూడా జాయిన్‌తోనే. ఇలాంటి పేర్లను నియమంతో కాకుండా వెతికి తేల్చుకోవాలి.

రాబర్ట్స్, వాట్స్ లాంటి పేర్ల చివర "ట్స్" వస్తుంది. హీబ్రూలో ఆ శబ్దానికి త్సాదీ అనే ఒకే అక్షరం ఉంది కదా అని దాన్ని వాడేస్తారు. వాడకూడదు. టేత్, సామెఖ్ విడివిడిగా రాయాలి. త్సాదీ చివర్లో ఉంటే పేరు జర్మన్ లేదా తూర్పు యూరప్ యూదుల పేరులా కనిపిస్తుంది.

"వ" విషయంలో తెలుగులాగే హీబ్రూకూ ఒకే అక్షరం, వావ్. విల్సన్, వాన్స్ రెండూ వావ్‌తోనే మొదలవుతాయి. వాకర్, వాట్సన్ లాంటివాటిలో రెండు వావ్‌లు కనిపిస్తాయి. మొదటిది హల్లు, రెండోది అచ్చు. పేరు చివర "వ్" వస్తే వావ్ పెట్టరు, పెడితే అది "ఓ" లేదా "ఊ"గా మారిపోతుంది. అక్కడ బేత్ వస్తుంది: కేవ్ అనే పేరు కోఫ్-యోద్-యోద్-బేత్. మధ్యలో వచ్చే "వ"కు స్థిరత్వం లేదు. స్టీవెన్సన్‌లో బేత్, డేవిస్‌లో రెండు వావ్‌లు.

పలకని అక్షరాలను రాయరు. రైట్ సోదరుల పేరు రేష్-యోద్-యోద్-టేత్, ముందున్న మూగ అక్షరం పోతుంది. నైట్‌కు నూన్‌తో మొదలు. జంట హల్లులు ఒక్కటే అవుతాయి. ఇక్కడ తెలుగు అలవాటు మోసం చేస్తుంది, మనం మిల్లర్ అని ఒత్తు పెడతాం. హీబ్రూలో మేమ్-యోద్-లామెద్-రేష్, ఒకే లామెద్. హెత్, అయిన్ అనే అక్షరాలు ఇంగ్లిష్ ఇంటిపేర్లలో రావని గుర్తుంచుకోండి. వచ్చాయంటే ఎక్కడో పొరపాటు జరిగింది.

గెరెష్ అనే చిన్న గీత

హీబ్రూలో లేని శబ్దాలకు అక్షరం పక్కన గెరెష్ పెడతారు. "జ"కు గీమెల్-గెరెష్, "చ"కు త్సాదీ-గెరెష్. జాన్సన్: గీమెల్-గెరెష్-వావ్-నూన్-సామెఖ్-వావ్-నూన్. చర్చిల్‌లో గెరెష్ రెండుసార్లు: త్సాదీ-గెరెష్-రేష్-త్సాదీ-గెరెష్-యోద్-లామెద్. గెరెష్ మరిచిపోతే జాన్సన్ "గాన్సన్" అవుతాడు, చర్చిల్ "త్సర్త్సిల్" అవుతాడు. తావ్ పక్కన గెరెష్ మాత్రం ఐచ్ఛికం. స్మిత్‌కు ఎక్కువగా పెడతారు: సామెఖ్-మేమ్-యోద్-తావ్-గెరెష్. పెట్టకపోయినా తప్పు పట్టరు. ఒక పత్రంలో మాత్రం రెండు రకాలుగా రాయకండి.

టైపింగ్‌లో తలనొప్పంతా గెరెష్‌తోనే. హీబ్రూ కీబోర్డులో డబ్ల్యూ మీటను నొక్కితే మామూలు అపాస్ట్రఫీ వస్తుంది, జనం వాడేది దాన్నే. వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్ దాన్ని వంకర అపాస్ట్రఫీగా మార్చేస్తుంది. అసలైన గెరెష్‌కు వేరే యూనికోడ్ సంఖ్య ఉంది, యూ+05ఎఫ్3. కంటికి మూడూ ఒకేలా ఉంటాయి, వెతుకులాటలో మాత్రం ఒకటి రాస్తే మరొకటి దొరకదు. పేర్ల జాబితా తయారుచేసేముందే ఏదో ఒకటి ఎంచుకుని మిగతావాటిని దానికి మార్చుకోండి.

తెలుగు పత్రం మధ్యలో హీబ్రూ పేరు పెడితే ఇంకో చిక్కు వస్తుంది. స్మిత్ పేరు చివర మామూలు అపాస్ట్రఫీ ఉండి, తర్వాత తెలుగు మాట వస్తే, ఆ గీత ఎడమ చివర ఉండాల్సింది కుడి చివరకు దూకుతుంది. అపాస్ట్రఫీకి సొంత దిశ లేకపోవడం దీనికి కారణం. ఒకవైపు కుడినుంచి ఎడమకు నడిచే లిపి, మరోవైపు ఎడమనుంచి కుడికి నడిచే లిపి ఉంటే అది పేరా దిశను అనుసరిస్తుంది. అసలైన గెరెష్ హీబ్రూ అక్షరాల కోవలోది, కనుక కదలదు. అది దొరక్కపోతే అపాస్ట్రఫీ తర్వాత యూ+200ఎఫ్ అనే కనిపించని దిశాగుర్తు పెట్టండి.

ఓకానర్ లాంటి ఐరిష్ పేర్లలోనూ అపాస్ట్రఫీ ఉంటుంది: ఆలెఫ్-వావ్, తర్వాత గీత, తర్వాత కోఫ్-వావ్-నూన్-వావ్-రేష్. ఇది శబ్దాన్ని మార్చే గెరెష్ కాదు, పేరులో భాగమైన విరామం. మెక్ పేర్లలో గీత ఉండదు, మేమ్-కోఫ్ నేరుగా కలిసిపోతాయి. మెకార్ట్నీకి కోఫ్ ఒక్కటే: మేమ్-కోఫ్-రేష్-టేత్-నూన్-యోద్.

నాలుగో పని: అచ్చులు

ఏ అచ్చు రాయాలి, ఏది వదిలేయాలి అన్నదే అసలైన నైపుణ్యం. "ఇ, ఈ"లకు యోద్. "ఒ, ఓ, ఉ, ఊ"లకు వావ్. హ్రస్వ దీర్ఘాల తేడా చూపడానికి వీల్లేదు. పేరు అచ్చుతో మొదలైతే ముందు ఆలెఫ్ తప్పనిసరి: ఎడిసన్ ఆలెఫ్-దాలెత్-యోద్-సామెఖ్-వావ్-నూన్, ఆర్వెల్ ఆలెఫ్-వావ్-రేష్-వావ్-వావ్-లామెద్. "ఏ", "ఐ" రెండింటికీ జంట యోద్. బైడెన్‌లోనూ అదే, టేలర్‌లోనూ అదే. పేరు చివరి "అర్" శబ్దానికి సాధారణంగా ఉత్త రేష్ చాలు, టేలర్, ఓకానర్ లాంటివాటిలో మాత్రం ముందు వావ్ కూడా వస్తుంది.

మధ్యలో వచ్చే "అ", "యా" శబ్దాలకు ఆలెఫ్ పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఎప్పుడూ తగాదాయే. జాక్సన్‌కు పెట్టరు. హారిస్‌కు పెడతారు. పార్కర్ రెండు విధాలా కనిపిస్తుంది. ఆలెఫ్ లేకుండా రాస్తే వేరే మాట అయిపోతుందా అని చూసుకోవడమే మంచి సూత్రం. ట్రంప్ దీనికి గట్టి ఉదాహరణ. టేత్-రేష్-ఆలెఫ్-మేమ్-పే అని ఆలెఫ్‌తో రాస్తారు. ఆ ఆలెఫ్ తీసేస్తే "ట్రెంప్" అవుతుంది. హీబ్రూలో అది రోజూ వాడే మాట, దారిలో ఎవరి వాహనంలోనైనా ఉచితంగా ఎక్కి వెళ్లడం. "కిబల్తి ట్రెంప్" అంటే "లిఫ్ట్ దొరికింది" అని. ఆ ఒక్క ఆలెఫ్ పోతే "ట్రంప్‌ను కలిశాను" కాస్తా నవ్వులపాలవుతుంది.

టేలర్, టైలర్ జంటను కూడా గమనించండి. టేలర్‌లో లామెద్‌కూ రేష్‌కూ మధ్య వావ్ ఉంటుంది, టైలర్‌లో ఉండదు. తేడా అంతే. హీబ్రూ పాఠకుడు "టే"నా "టై"నా అన్నది ఆ చివరి వావ్‌ను బట్టే తేల్చుకుంటాడు. టేలర్‌కు వావ్ మరిచిపోతే మనిషే మారిపోతాడు.

చివరి అక్షరాల రూపాలు

కాఫ్, మేమ్, నూన్, పే, త్సాదీ అనే అయిదు అక్షరాలకు పదం చివర వేరే ఆకారం ఉంది. జాన్సన్, బ్రౌన్ చివరి నూన్ పొడవుగా కిందికి దిగుతుంది, దానిలో చిక్కేమీ లేదు. పే దగ్గరే జాగ్రత్త. దాని చివరి రూపం "ఫ్" శబ్దానికే. ర్యాడ్‌క్లిఫ్‌కు చివరి రూపం, ట్రంప్‌కూ బిషప్‌కూ మామూలు రూపం. ట్రంప్‌కు చివరి రూపం పెడితే "ట్రంఫ్" అవుతుంది. లించ్ అనే పేరులో త్సాదీ చివరి రూపం తీసుకుని, దానిపక్కనే గెరెష్ కూడా పెట్టించుకుంటుంది. పక్కన గీత ఉందికదా ఇది పదం చివర కాదేమో అనుకుని కొందరు మామూలు రూపం రాస్తారు, అది తప్పు.

ఇప్పుడు అసలు పరీక్ష: ఎనిమిది వాక్యాలు

విట్‌ఫీల్డ్ అనే పేరు తీసుకుందాం. పై నియమాల ప్రకారం వావ్-యోద్-టేత్-పే-యోద్-లామెద్-దాలెత్. చిక్కులు పెట్టగల వావ్, టేత్, పే మూడూ ఇందులో ఉన్నాయి.

ఒకటి: "విట్‌ఫీల్డ్ ఆమర్", విట్‌ఫీల్డ్ అన్నాడు. 
రెండు: "విట్‌ఫీల్డ్ ఆమ్రా", విట్‌ఫీల్డ్ అంది. 
మూడు: "పగష్తి ఎత్ విట్‌ఫీల్డ్", విట్‌ఫీల్డ్‌ను కలిశాను. 
నాలుగు: "హిత్కషర్తి లె-విట్‌ఫీల్డ్", విట్‌ఫీల్డ్‌కు ఫోన్ చేశాను. 
అయిదు: "కిబల్తి మిఖ్తావ్ మి-విట్‌ఫీల్డ్", విట్‌ఫీల్డ్ నుంచి ఉత్తరం వచ్చింది. 
ఆరు: "బ్రౌన్ వె-విట్‌ఫీల్డ్ బాఊ", బ్రౌన్, విట్‌ఫీల్డ్ వచ్చారు. 
ఏడు: "హా-ఓటో షెల్ విట్‌ఫీల్డ్", విట్‌ఫీల్డ్ కారు. 
ఎనిమిది: "మిష్పహత్ విట్‌ఫీల్డ్ గారా బె-హైఫా", విట్‌ఫీల్డ్ కుటుంబం హైఫాలో ఉంటుంది.

మొదటి రెండు వాక్యాలు లింగం కోసం. ఇంగ్లిష్ వార్తలో ఇంటిపేరు ఒక్కటే ఇచ్చి "అన్నారు" అని ముగించేయవచ్చు. తెలుగులోనూ ఆ "అన్నారు" గౌరవం మాటున మనల్ని కాపాడుతుంది. హీబ్రూలో ఆ వీలు లేదు, క్రియ ఆడో మగో చెప్పి తీరాలి. కాబట్టి అనువాదం మొదలుపెట్టకముందే ఆ ఇంటిపేరు గల మనిషి ఎవరో తెలుసుకోండి.

మూడో వాక్యంలోని "ఎత్" విడిగా నిలిచే మాట. పేరు కర్మగా వచ్చినప్పుడు తప్పనిసరి, మరిచిపోవడం చాలా మామూలు. ఏడో వాక్యంలోని "షెల్" కూడా విడి మాటే.

నాలుగు, అయిదు, ఆరు వాక్యాల్లో ఉపసర్గ, అంటే ముందు చేరే లె, మి, వె లాంటి అక్షరం, పేరుకు అతుకుతుంది. ఖాళీ ఉండదు, అడ్డగీత ఉండదు. పేరును ఇంగ్లిష్ లిపిలోనే వదిలేసినప్పుడు మాత్రం మధ్యలో అడ్డగీత పెడతారు. ఇక విట్‌ఫీల్డ్‌లా వావ్‌తో మొదలయ్యే పేర్లకు ప్రత్యేక నియమం ఉంది. హీబ్రూ భాషా అకాడమీ స్పెల్లింగు నియమాల ప్రకారం, పదం మొదట్లో ఉన్న హల్లు వావ్ ఒంటరిగా ఉంటుంది. ముందు ఉపసర్గ చేరగానే అది పదం మధ్యలోకి వచ్చినట్టు లెక్క, అప్పుడు దాన్ని రెట్టిస్తారు. అందుకని నాలుగో వాక్యంలో లామెద్-వావ్-వావ్-యోద్-టేత్ అంటూ సాగుతుంది. ఆరో వాక్యంలో "వె" అనేదే ఒక వావ్, ఇక అక్కడ రెట్టింపు ఉండదు: "మరియు"కు ఒకటి, పేరుకు ఒకటి. పత్రికల్లో చాలాచోట్ల లామెద్ తర్వాత ఒకే వావ్‌తో వదిలేయడం కనిపిస్తుంది. మీరు మాత్రం నియమాన్నే పాటించండి.

వాషింగ్టన్, వాకర్‌లకు పేరులోనే రెండు వావ్‌లు ఉన్నాయి. లామెద్ చేర్చినా రెండే ఉంచాలి, మూడోది పెట్టకూడదు. "బ్రౌన్ మరియు వాకర్" అనాల్సివస్తే నిజంగానే మూడు వావ్‌లు వరుసకడతాయి, చదవడం కష్టం. పేర్ల క్రమం మార్చి "వాకర్ మరియు బ్రౌన్" అని రాసేస్తే గొడవ ఉండదు.

హే తో మొదలయ్యే పేర్లను నాలుగో వాక్యంలో తప్పక పెట్టి చూడండి. హీబ్రూ మామూలు పదాల్లో "ఆ" అనే అర్థమిచ్చే హే ముందుకు లామెద్ వస్తే హే మాయమైపోతుంది. వ్యాకరణం కొంచెం నేర్చినవాళ్లు హారిస్‌కు కూడా అదే చేసి హే తీసేస్తారు. హారిస్‌లోని హే పేరులో భాగం, అది నిలవాలి: లామెద్-హే-ఆలెఫ్-రేష్-యోద్-సామెఖ్. అలాగే మామూలు పదాల్లో ఉపసర్గ తర్వాత బేత్ "వ"గా, పే "ఫ"గా మెత్తబడటం ఒక పాత నియమం. విదేశీ పేర్లకు అది లేదు. "లె-బ్రౌన్" అనే చదవాలి, "లె-వ్రౌన్" అని కాదు. పార్కర్ "ఫార్కర్" కాడు.

ఎనిమిదో వాక్యంలో క్రియ "గారా", స్త్రీలింగ ఏకవచనం. కుటుంబం అనే మాట హీబ్రూలో స్త్రీలింగం. ఇంగ్లిష్‌లో ఇంటిపేరుకు బహువచన ప్రత్యయం చేర్చి కుటుంబాన్ని సూచిస్తారు. హీబ్రూలో ఆ "స్" రాయకుండా "మిష్పహత్" ముందు పెట్టాలి. లేకపోతే విలియమ్స్ లాంటి పేర్లలో ఏ "స్" పేరుదో, ఏది బహువచనానిదో తెలియదు.

గౌరవ వాచకాలు వస్తే ఉపసర్గ వాటిమీదికి జరుగుతుంది. "మిస్టర్ బ్రౌన్‌కు" అంటే లామెద్ "మర్" అనే మాటకు అతుకుతుంది, బ్రౌన్‌ను ముట్టుకోదు. ఉత్తరం పైన చిరునామాలో "లిఖ్వోద్ మర్ బ్రౌన్" (శ్రీ బ్రౌన్ గారికి) అని రాస్తే ఇంకో లామెద్ అక్కర్లేదు, "లిఖ్వోద్"లోనే అది ఉంది.

పేరు మరో మాటలా కనిపిస్తే

రెండు మూడు అక్షరాల పేర్లన్నీ అనుమానించదగ్గవే. లీ అంటే లామెద్-యోద్, అదే "నాకు" అనే మాట. "లీ నాకు చెప్పాడు" అన్న వాక్యం హీబ్రూలో "లీ ఆమర్ లీ" అవుతుంది. సరేనని "మర్" చేర్చి "మర్ లీ" అందామంటే అది మరీ ఘోరం. "మర్" అంటే చేదు అని కూడా అర్థం, "మర్ లీ" అంటే "నాకు చేదుగా ఉంది, నా బతుకు చేదు". రూతు గ్రంథం మొదటి అధ్యాయం 13వ వచనంలో నయోమి కోడళ్లతో అనేది ఇవే మాటలు. ఇలాంటి ఇంటిపేర్లకు మొదటిపేరు ఎప్పుడూ జతచేయడమే మార్గం. బ్రూస్ లీ అంటే ఎవరూ తికమకపడరు.

మూర్ అంటే మేమ్-వావ్-రేష్, హీబ్రూలో బోళం అనే సుగంధ ద్రవ్యం, ఇజ్రాయెలీలు పెట్టుకునే పేరు కూడా. డీన్ రాస్తే "దీన్", అంటే న్యాయం, తీర్పు. కుక్ అంటే కోఫ్-వావ్-కోఫ్. పాలస్తీనాలో బ్రిటిష్ పాలనాకాలంలో అష్కెనాజీలకు, అంటే యూరప్ మూలాలున్న యూదులకు, మొదటి ప్రధాన రబ్బీ (మతగురువు) అయిన అబ్రహాం ఐజాక్ కూక్ ఇంటిపేరూ అచ్చంగా అవే అక్షరాలు. నౌకా కెప్టెన్ గురించి రాస్తుంటే "జేమ్స్" తప్పకుండా ఉండాలి.

పే, బేత్ సందిగ్ధాలకు ఇంకో మందు ఉంది. ఫాస్టర్‌ను పోస్టర్ అనీ, ఫోర్డ్‌ను "పోర్డ్" అనీ చదివే వీలుంటుంది. పత్రంలో పేరు మొదటిసారి వచ్చినప్పుడు ఉచ్చారణను చూపే చుక్కలతో రాసి, తర్వాత చుక్కలు లేకుండా సాగండి. పేలో చుక్క ఉంటే "ప", లేకపోతే "ఫ". విట్‌ఫీల్డ్‌కు చేయాల్సింది ఇదే.

తిరుగు ప్రయాణం

హీబ్రూలో ఉన్న పేరును మళ్లీ ఇంగ్లిష్‌లోకి, అక్కడినుంచి తెలుగులోకి తేవాల్సివస్తే అక్షరాలను నమ్ముకోవద్దు. బేత్-రేష్-టేత్-వావ్-నూన్ అనేది బర్టన్ కావచ్చు, బార్టన్ కావచ్చు. గీమెల్-రేష్-యోద్-నూన్ వెనక ఇంగ్లిష్‌లో గ్రీన్ పేరు చివర మూగ "ఈ" ఉందో లేదో తెలియదు. వంశవృక్షాలు రాసేవాళ్లు హీబ్రూ రూపం పక్కనే మూల ఇంగ్లిష్ స్పెల్లింగును వేరే గడిలో భద్రపరచడం అందుకే అవసరం. గీమెల్-గెరెష్ పేర్లు అకారాది క్రమంలో గీమెల్ కిందికే వస్తాయి, జాన్సన్ గ్రీన్ పక్కనే దొరుకుతాడు. త్సాదీ కింద చర్చిల్‌ను వెతకండి.

అభ్యాసానికి వీధిపేర్లు తీసుకుంటే సులువు. టెల్ అవీవ్‌లో అలెన్‌బీ వీధి, కింగ్ జార్జ్ వీధి కార్మెల్ మార్కెట్ దగ్గర కలుస్తాయి. జనరల్ అలెన్‌బీ 1917 డిసెంబరులో జెరూసలేంలోకి నడిచి వెళ్లిన సేనాని, ఆయన ఇంటిపేరు ఆలెఫ్-లామెద్-నూన్-బేత్-యోద్. "అనీ గార్ బె-అలెన్‌బీ" అంటే "నేను అలెన్‌బీలో ఉంటున్నాను". బేత్ ఉపసర్గ ఆలెఫ్‌కు అతుక్కుంటుంది. "అలెన్‌బీ పినత్ హమెలెఖ్ జార్జ్" అంటే ఆ రెండు వీధుల మూల. ఇందులో "కింగ్" అనువాదమైంది, "జార్జ్" శబ్దంగా ఉండిపోయింది: గీమెల్-గెరెష్-వావ్-రేష్-గీమెల్-గెరెష్. నెతన్యా దగ్గరి క్రీడా సంస్థకు పెట్టిన వింగేట్ పేరుతోనూ ఇదే చేయండి: వావ్-యోద్-నూన్-గీమెల్-యోద్-యోద్-టేత్. "వింగేట్‌లో చదువుతున్నాను" అనడానికి బేత్ చేర్చినప్పుడు వావ్‌లు ఎన్ని రాశారో లెక్కపెట్టుకోండి. రెండు ఉండాలి.